కట్టెలమోపును వెదురుపూతయు

ఐకమత్యమును గూర్చి బాలురకు బోధింపదలచినవారు సాధారణముగా కట్టెలమోపు కథను చెప్పుదురు. ముసలితండ్రి కొడుకులను చేరబిలిచి యొక్కొక్క పుల్లను విడివిడిగా విరువుమనును, వారు విరుతురు. పిమ్మట మోపుగట్టి విరువుమనును. వారికి సాధ్యము కాదు. కథ యింతటితో ముగియును. ఈ కథ యసత్యమని మేమనము. కాని యిందొక లోపము కలదు. పుల్లలకు నోరులేదు. తమ్ము గట్టిన త్రాడు మెత్తనిదో కోసుకొనిపోవునదో అవి చెప్పజాలవు. మోపునడుమ నున్న పుల్లకు త్రాడే తగులదు. అంచుననున్న పుల్లయే ఆ యొరపిడి నంతయు భరించును. దేశమును మోపుతో పోల్చినవారు తమకు తెలియకయే జనులను పుల్లలతో పోల్చినారు. చిక్కు ఆ పోలికయందే యున్నది.

మన దేశమున జాతీయైక్యమును గూర్చి యుపన్యాసములకు కొదువలేదు. అయినను చిన్న జనసమూహ మొకటి తన భాష, తన యాచారము, తన నేల యని యొక్కమాట యనగానే పెద్ద సమూహమువారికి గుండెదడ పుట్టును. 'ఇది చీలికకు తొలిమెట్టు' అందురు. ఈ భయము సహేతుకమా? చిన్నవారు తమ్ముతాము గుర్తించుకొనుటవలన దేశము చీలునా? లేక వారిని మనము గుర్తింపకుండుటవలన చీలునా? ఇట్టి ప్రశ్నకు సమాధానమును తర్కమున వెదకుటకంటె చరిత్రమున వెదకుట మేలు. అందులకు మేము మిజోజనుల కథను గ్రహించితిమి. ఆ కొండలపేరు మన పాఠకులలో పెక్కుమందికి తెలియును. అచట జరిగినది తెలిసినవారు కొలదిమంది.

ఈశాన్యమున బర్మాకును నేటి బంగ్లాదేశమునకును నడుమ నిలువుగా సాగిన కొండవరుసలు వీరి నివాసము. 'మి' యనగా మనిషి, 'జో' యనగా ఎత్తైన కొండసీమ యని సామాన్యముగా చెప్పుదురు. ఆంగ్లేయులు 1890 ప్రాంతమున ఈ సీమను లోబరచుకొని లుషాయికొండలని పిలిచిరి. 1898లో ఉత్తర దక్షిణ భాగములను కలిపి అస్సామున చేర్చిరి. 1894లో వచ్చిన లోరైన్, సావిడ్జి యను నిరువురు క్రైస్తవబోధకులు అంతవరకు వ్రాతలేని వారి భాషకు రోమను అక్షరములతో లిపి కూర్చిరి. తరువాత వేల్సు దేశపు మిషనరీలు వచ్చి బడులు పెట్టిరి. చిన్నభాషలో చదువు చెప్పినచో జనులు వెనుకబడుదురని వాదించువారు ఈ సంగతిని గమనింపవలెను. 2011 జనాభాలెక్కలలో మిజోరామున అక్షరాస్యులు నూటికి 91 మందికి పైబడిరి. ఆనాటి యుమ్మడి ఆంధ్రప్రదేశమున 67 మంది.

వీరి యాచారములలో నొకటి మమ్ము మిక్కిలి యాకర్షించినది. దానిని వారు త్లామ్‌ఙైహ్నా యందురు. ఒక్క తెలుగుమాటలో దానిని చెప్పుట కష్టము. ఆపదలోనున్నవాడు అడుగకముందే తోడ్పడుట, తన శ్రమను లెక్కింపకుండుట, చేసినదానిని చెప్పుకొనకుండుట, ఈ మూడును కలిసిన గుణమది. గ్రామమున నెవరైన మరణించినచో గోతిని త్రవ్వుటకు యువకులు తామై పోవుదురు. ఇట్టి ధర్మము గలవారిని అనాగరకులని పిలిచిన కాలమొకటి యుండెను.

స్వాతంత్ర్యము వచ్చునాటికి వీరు విడిపోవగోరినవారు కారు. 1946లో పుట్టిన మిజో యూనియన్ సామాన్యజనుల పక్షము. వంశపారంపర్యముగా గ్రామములనేలు దొరల యధికారమును తొలగింపవలెననియు, భారతదేశమున నుండుటయే మేలనియు నది తలచినది. బర్మాతో చేరుదమన్న పక్షమొకటి యుండెను గాని దానికి బలము చాలలేదు. రాజ్యాంగము ఆరవ షెడ్యూలు మూలమున వారికొక జిల్లా పరిషత్తు నొసగినది. 1954లో లుషాయికొండల జిల్లాకు మిజోజిల్లా యని పేరు మారినది. వారు మోపులోనికి తామై వచ్చినవారు. ఇట్టివారు ఇరువదియేండ్లలో తుపాకి పట్టుట యెట్లు సంభవించెను?

దానికి వెదురు కారణమైనది. ఇది పరిహాసముగా తోచవచ్చును. కాని యిదియే నిజము.

ఆ కొండలనిండ మౌటక్ అను నొకజాతి వెదురు పెరుగును. అది సుమారు 48 యేండ్లకొకసారి సీమయంతట నొక్కుమ్మడిగా పూచి, కాచి, చచ్చును. దాని ఫలము మన వెదురుబియ్యమువలె సన్ననిది కాదు; చిన్న జామకాయంత యుండును. అడవియంతయు నిట్టి కాయలు రాలినప్పుడు ఎలుకలకు పండుగ. అవి తిని, తెరపిలేక పిల్లలను పెట్టి, లెక్కకు మించి పెరుగును. కాయలు తీరిపోగానే ఆ ఎలుకల దండు పోడుచేలపై పడును. సాయంకాలమున కంకులతో నిలిచిన చేను తెల్లవారునప్పటికి దంట్లతో మిగులును. దీనిని వారు మౌతామ్ అందురు. 'వెదురుచావు' అని యర్థము చెప్పుదురు. 1862లో నది వచ్చినది. 1911లో వచ్చినది. 1911 నాటి యాకలిని కన్నులార చూచినవారు 1958లో ముసలివారై జీవించియుండిరి. మరల రానున్నదని వారెరుగుదురు. ఇది జోస్యము కాదు. మన రైతు కార్తెను లెక్కించునట్టి లెక్క. 

1958 అక్టోబరులో మిజో జిల్లాపరిషత్తు తీర్మానము చేసి, రాబోవు క్షామమునకు ముందుజాగ్రత్తగా 15 లక్షల రూపాయలు మంజూరు చేయుమని అస్సాం ప్రభుత్వమును కోరినది. ప్రభుత్వ మంగీకరింపలేదు. వెదురు పూచిన క్షామము వచ్చుననుట కొండజనుల మూఢనమ్మకముగా తోచినది. 1959లో వెదురు పూచినది. ఎలుకలు వచ్చినవి. క్షామము వచ్చినది.

ఇచట మేము కొంతసేపు నిలువదలచితిమి. ఆ కోరికను త్రోసిపుచ్చిన యధికారులు దుష్టులు కానక్కరలేదు. వారికి మిజోలపై ద్వేషముండెనని చెప్పుటకు మాకు కారణము కనబడదు. మూఢనమ్మకములకు ప్రజాధనమును వెచ్చింపరాదనుట మంచి సూత్రమే. సంస్కరణమును కోరు మనబోటివారు నిత్యము చెప్పునదియు నదియే కదా! అందుచేతనే ఈ యుదాహరణము మనకు మిక్కిలి కష్టము కలిగింపవలసినది. ఏది మూఢనమ్మకము, ఏది యనుభవజ్ఞానము అని నిర్ణయించు నధికారమును మనమెవరినుండి పొందితిమి? తెల్లచొక్కా తొడిగి యింగ్లీషున వ్రాసినవాడు చెప్పినచో శాస్త్రము. కొండముసలి తన భాషలో చెప్పినచో భ్రమ. 1862, 1911 అను రెండు సంవత్సరములను ఒక కాగితముపై వ్రాసి నడుమ వ్యవధిని లెక్కించుటకు గొప్ప పాండిత్య మక్కరలేదు. ఆ లెక్క వేయకపోవుటకు కారణము బుద్ధిలోపము కాదు. చెప్పినవారి మాటకు విలువ యీయకపోవుటయే కారణము. ఒకడు మనవాడని మనమన్నప్పుడు దాని తొలియర్థము, అతని మాట మన చెవికి మాటగా వినబడుననియే. సాక్ష్యము చెల్లనివానికి చుట్టరికమును చెల్లదు.

పిమ్మట జరిగినదానిని సంక్షేపముగా చెప్పుదుము. క్షామమున గ్రామగ్రామమునకు బియ్యము మోయుటకు యువకుల సంఘమొకటి పూనుకొనెను. త్లామ్‌ఙైహ్నా యెరిగినవారికి అది క్రొత్త పని కాదు. 1960లో దానికి మిజో జాతీయ క్షామ సంఘమని పేరయ్యెను. దాని నాయకుడు లాల్‌డెంగా. అంతకుముందు సైన్యమున హవల్దారుగను, జిల్లాపరిషత్తు కార్యాలయమున గుమాస్తాగను పనిచేసినవాడు. ఆ యేడే అస్సాం శాసనసభ అస్సామీని అధికారభాషగా చేయుచు చట్టము చేసినది. కొండజనులకు అది పుండుమీద కారమైనది. 1961 అక్టోబరు 22న ఆ సంఘము తన పేరునుండి 'క్షామ' అను నొక్క పదమును తీసివేసినది. 'జాతీయ' అను పదము మిగిలినది. అస్సాం ప్రభుత్వము అడిగిన సొమ్ము నిచ్చియుండినచో ఆ పదము తొలగించు నవసరమే వచ్చెడిది కాదేమో. ఇట్లనుటలో నతిశయోక్తి యుండవచ్చును. చరిత్రమున ఒక్క కారణముచే జరుగునది యేదియు లేదు. కాని తిరుగుబాటునకు కావలసిన మనుష్యులు, మార్గములు, గ్రామములతోడి పరిచయము, అన్నియు ఆ బియ్యపుమూటలవెంటనే ఏర్పడినవని మాత్రము మరువరాదు.

1966 ఫిబ్రవరి 28 రాత్రి తిరుగుబాటు లేచినది. మరునాడు మిజోలు తాము స్వతంత్రులమని ప్రకటించిరి. మార్చి 5న భారత వాయుసేన విమానములు ఐజాల్ పట్టణముపై గుండ్లు కురిపించినవి. తన దేశమునందలి పట్టణముపై తన విమానములే నిప్పు కురిపించుట స్వతంత్రభారతమున అంతకుముందు లేదు. జనులు అడవులలోనికి పరుగెత్తిరి. 1967 మొదలుకొని గ్రామములను కలుపు పద్ధతి వచ్చినది. తిరుగుబాటుదారులకు అన్నము దొరకకుండ చేయుటకై 500కు పైబడిన గ్రామములను ఖాళీచేయించి, జనులను బాటలప్రక్కన కంచెలు గట్టిన సుమారు నూరు కూడలులలోనికి చేర్చిరి. విడిచిన యిండ్లను కాల్చిరి. వానికి పెట్టిన పేరు 'సంరక్షిత, అభ్యుదయ గ్రామములు'! పేర్లు పెట్టువారికి నిఘంటువులు కావలసినంత సాయము చేయును. పోడుచేలు దూరమయ్యెను, సాయంకాలమునకు కంచెలోనికి రావలసినవాడు చేను కాచుట యెట్లు? తన గింజను తాను పండించుకొనిన రైతు బియ్యమునకై వరుసలో నిలుచుండెను.

రెండవవైపున జరిగినదానిని దాచుటయు ధర్మము కాదు. తిరుగుబాటుదారులు ఖజానాలు దోచిరి. తమతో నేకీభవింపని సొంత జనులను చంపిరి. 1975 జనవరిలో ఐజాలున ముగ్గురు ఉన్నత పోలీసధికారులను కార్యాలయముననే కాల్చిరి. పగలు సైనికుడు వచ్చి నీవు రాత్రి యెవరికి కూడు పెట్టితివనును; రాత్రి తిరుగుబాటువాడు వచ్చి నీవు పగలు ఎవరికి దారి చూపితివనును. నడుమ గ్రామస్థుడు ఇరువదియేండ్లు ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చెప్పుచు బ్రదికెను. క్షామమున తమ మాట వినబడలేదన్న దుఃఖము న్యాయమైనది. ఆ దుఃఖమునుండి పుట్టిన తుపాకి న్యాయమైనదని మేమొప్పుకొనజాలము. ఏలయన అది తొలుత మూయించినది ఈ గ్రామస్థుని నోటినే.

ఇక సమాధానము వచ్చిన విధము. 1972లో మిజోజిల్లా అస్సామునుండి విడివడి కేంద్రపాలిత ప్రాంతమయ్యెను. చర్చిపెద్దలు అటువారిని నిటువారిని మాటలాడుడని ప్రాధేయపడుచునే యుండిరి. ఎన్నియో మారులు సంప్రదింపులు తెగినవి. తుదకు 1986 జూన్ 30న ఒడంబడికపై సంతకములైనవి. అప్పటి ముఖ్యమంత్రి లాల్ థన్‌హవ్లా తన పీఠమును విడిచి, నిన్నటివరకు తిరుగుబాటునాయకుడైన లాల్‌డెంగాకు దానినిచ్చి, తాను రెండవస్థానమున కూర్చుండెను. మన రాజకీయములలో కుర్చీని బట్టుకొని వ్రేలాడుటనే చూచిన కన్నులకు ఈ దృశ్యము వింతగా నుండును. 1987 ఫిబ్రవరి 20న మిజోరాం రాష్ట్రమయ్యెను. మిజోల మతసాంఘికాచారములు, వారి సంప్రదాయ న్యాయము, భూమి యాజమాన్యము, వీనిని గూర్చి పార్లమెంటు చేయు చట్టములు రాష్ట్రశాసనసభ తీర్మానించిననే తప్ప అచట చెల్లవని రాజ్యాంగమున 371జి అధికరణము చేరినది.

దేశము చీలెనా? లేదు. లాల్‌డెంగా ఎన్నికలలో గెలిచెను. రెండేండ్లు తిరుగకమునుపే ఆయన ప్రభుత్వము పడిపోయెను. పదవి పోయినదని యెవరును అడవికి మరలిపోలేదు. జూన్ 30వ తేదిని వారు రెమ్నానీ, అనగా శాంతిదినమని, జరుపుకొందురు. తరువాత 2007 ప్రాంతమున వెదురు మరల పూచినది. అప్పుడు ముఖ్యమంత్రి జోరామ్‌థంగా. పూర్వము లాల్‌డెంగాతో అడవిలో తిరిగినవాడు. ఈ మారు కేంద్రము, రాష్ట్రము ముందుగానే పూనుకొని వెదురుపూత క్షామనివారణకు పథకము వేసినవి; ఎలుకతోకలకు వెలకట్టి కొనిరి. నష్టము కలుగకపోలేదు, చేలు పోయినవి, కొన్ని గ్రామములలో తిండికి కటకట యయ్యెను. కాని 1959లో మూఢనమ్మక మనిపించుకొనిన లెక్క 2007లో ప్రభుత్వపు దస్త్రమున ప్రణాళిక యయ్యెను.

ఇచటనే కథను ముగించినచో మాకును పాఠకులకును సుఖముగా నుండెడిది. పెద్దవాడు తప్పుచేసెను, చిన్నవాడు నిలిచెను, శాంతి కలిగెను! కాని గుర్తింపునకై పోరాడినవాడు ఇతరుల గుర్తింపును మన్నించునని నియమము లేదు. మిజోరామున పశ్చిమభాగమున బ్రూ యను జనులు కలరు. రియాంగులనియు వారికి పేరు. వారి భాష వేరు, ఆచారము వేరు. దక్షిణమున లాయి, మారా, చక్మాజనులకు స్వయంపాలక పరిషత్తులున్నవి, బ్రూలకు లేదు. తమకును అట్టిది కావలెనని వారు 1990 తరువాతి యేండ్లలో అడుగసాగిరి. మిజోసంఘములు ఒప్పుకొనలేదు. రాష్ట్రము ముక్కలగునని వారి భయము. ఈ మాటను మనమిదివరకెచ్చటనో వినలేదా? 1997లో ఒక యడవి యుద్యోగి హత్యతో అల్లరులు రేగినవి. 30,000 మందికి పైబడిన బ్రూలు ఇండ్లు విడిచి త్రిపురకు పారిపోయిరి. ఇరువదియేండ్లకు పైగా గుడారములలోను పాకలలోను బ్రదికిరి. కొందరిని వెనుకకు పంపుటకు పలుమారులు యత్నములు జరిగినను పెక్కుమంది పోలేదు. తుదకు 2020 జనవరి 16న కుదిరిన యొడంబడికచే సుమారు 34,000 మందిని త్రిపురయందే నిలుపుటకు 600 కోట్ల రూపాయల పథకమేర్పడెను. వారికి నీడ దొరకినది, స్వస్థలము దొరకలేదు.

కంచెలోనికి తోలబడిన తరమువారు ఇంకను జీవించియుండగనే మరియొకజనము వారి సీమనుండి పరుగెత్తవలసివచ్చెను. మిజోలను నిందించుటకు మేము దీనిని చెప్పుటలేదు. బాధపడుట మనిషికి తనంత బాధను నేర్పును గాని యితరుల బాధను నేర్పదు. అది వేరుగా నేర్చుకొనవలసిన విద్య. అల్పసంఖ్యాకత యనునది యొక జాతికి పుట్టుకతో వచ్చిన గుణము కాదు. గీతను ఎచట గీసితిమో దానినిబట్టి మారు స్థితి. భారతదేశమున మిజో చిన్నవాడు, మిజోరామున పెద్దవాడు. నీతిని స్థితికి కట్టినచో గీత మారినప్పుడెల్ల నీతియు మారును.

తెలుగువారికి ఈ సంగతి దూరపు ముచ్చట కాదు. మద్రాసు రాష్ట్రమున మన మాట చెల్లలేదని మనమనుకొన్న కాలముండెను. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షలో ప్రాణము విడిచిన పిమ్మటనే ఢిల్లీకి వినబడెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమయ్యెను. తరువాత తెలుగువారిలోనే తెలంగాణమువారు తమ మాట చెల్లుటలేదనిరి. 2014 జూన్ 2 వరకు ఆ వాదము సాగినది. మనము రెండుస్థితులను ఎరిగినవారము. మరి మనకంటె చిన్నవారి విషయమున మన చెవి యెట్లున్నది? మన కొండలలో గోండులు, కోయలు, సవరలు, కొలాములు కలరు. వారి భాషలను 'కొండభాష' యని యొక్కమాటతో త్రోసిపుచ్చువారు మనలో నేటికిని కలరు.

అయినను విన్నవారు లేకపోలేదు. పర్లాకిమిడి గిడుగు రామమూర్తి పంతులుగారిని మనము వ్యావహారికభాషావాదిగనే స్మరింతుము. మా వంటి గ్రాంథికము వ్రాయువారికి ఆయన పేరన్న నేటికిని కొంత బెరుకు! కాని ఆయన తన జీవితమున ననేకవత్సరములు సవరభాష నేర్చుటకు వెచ్చించెను. వారిని తెలుగు నేర్వుమనుటకు ముందు తాను సవర నేర్చెను. వారి పిల్లలకు ఆ భాషలోనే పాఠములు చెప్పించెను. వ్యాకరణమును, నిఘంటువును కూర్చెను. ఆ నిఘంటువున కావలసిన మాటలు ఏ కోశమునందును లేవు. సవరల నోటినుండియే రావలెను. అందులకు వారి మాటను నమ్మవలెను.

ఆదిలాబాదు కథ వేరొకటి. అడవిపై గోండుల హక్కును కోరిన కొమరం భీము 1940లో జోడెఘాటున కాల్పులలో మరణించిన తరువాతనే నిజాం ప్రభుత్వము ఆ జనుల స్థితిని విచారింపుమని హైమెన్‌డార్ఫు పండితుని పంపినది. ఆయన మార్లవాయి గ్రామమున నివసించి గోండీ నేర్చెను. 1943లో అచట గోండు ఉపాధ్యాయులకు శిక్షణాలయ మేర్పడినది. గోండీలో వాచకములు వెలువడినవి. తుపాకి ముందు, చెవి తరువాత. ఐజాలున జరిగిన క్రమము మన ముంగిటనే ఇరువదియారేండ్ల ముందు జరిగినది.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసి ఒరియా, బంజారా యను ఎనిమిది భాషలలో చిన్నతరగతుల పిల్లలకు చదువు మొదలైనది. ఆ బడులలో ఎన్నియింట నేడు ఆ భాష వచ్చిన ఉపాధ్యాయుడున్నాడో, ఎన్నియింట పుస్తకము బీరువాలో నున్నదో, మన జిల్లాలలోని పాఠకులు తమ సమీపమున నున్న గూడెమునకు పోయి విచారింపవచ్చును. పోయినవారు ఆ గూడెపు పెద్దలతో కొంతసేపు కూర్చుండి, ఈ యేడు అడవియెట్లున్నదని వారినే యడుగుదురు గాక.